డిక్రీ వచ్చాక మొదలయ్యే తిప్పలు

సివిల్ కోర్టుల సంస్కరణ అంటే జడ్జీల ఖాళీలు నింపడం, దస్త్రాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం అని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. రెండూ కావలసినవే. కానీ దావా గెలిచి డిక్రీ, అంటే తీర్పు మేరకు కోర్టు ఇచ్చే ఉత్తర్వు, అందుకున్నవాడు ఇంటికెళ్లి ఎందుకు ఏడుస్తాడో అందులో లేదు.

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి సంగతే చూడండి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ అప్పు దావా గెలిచినా, బాకీదారుడి పొలం ఏటి అవతల ఉంటే మా కోర్టు దాన్ని వేలం వేయలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్ కింద డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకోవాలి. అక్కడ మళ్లీ వకీలు, మళ్లీ వాయిదాలు. ఈలోగా పొలం చేతులు మారకుండా 46వ సెక్షన్ కింద జప్తు కోరవచ్చు, అదీ పొడిగించకపోతే రెండు నెలలే! డిక్రీ అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దావా విచారణలో ఒక్కో పక్షానికి వాయిదాలు మూడు మించరాదన్న నియమమూ పుస్తకంలో ఉంది లెండి.

ఇక భాష. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, ఇళ్లలోని పాత క్రయపత్రాలు మాత్రం తెలుగువే. వాటి అనువాదం ఖర్చు కక్షిదారుడి నెత్తినే పడుతుంది. కోర్టులో ఒక తెలుగు అనువాదకుణ్ని నియమించడానికి ఏ కమిషన్ నివేదిక కోసం ఆగాలి?