ఆ తెలుగు కాగితం ఈరోజే తీసేయండి

ఈ పొద్దున బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రి జన్యు పరీక్షల విభాగం తెలుగువాళ్ల కోసం అచ్చువేసిన కాగితం కంటబడింది. చదివి రెండు గంటలైంది, ఒళ్లు మండటం ఇంకా తగ్గలేదు. హిందూపురం నుంచి, అనంతపురం నుంచి, మదనపల్లె నుంచి, కుప్పం నుంచి తెల్లారకముందే బండెక్కి వచ్చే మన జనానికి ఇంగ్లీషు రిపోర్టుతో పాటు పిన్ను కొట్టి ఇచ్చే కాగితం అది. రిపోర్టు ఎవరికీ అర్థం కాదు. ఊళ్లో అత్తగారికీ, ఆర్‌ఎంపీకీ, పెళ్లిళ్ల పేరయ్యకీ చూపించేది ఈ కాగితమే. దాని ముందువైపు "మీ జన్యువులో ఉత్పరివర్తనం అనే లోపం ఉంది" అని ఉంది. ఎవరికి ఏ ఫలితం వచ్చినా అదే వాక్యం. వెనకవైపు "నపుంసకత్వం రెండు రకాలు: నిజమైనది, మిథ్య" అని ఉంది. పుట్టుకతోనే ఒంట్లో ఆడా మగా లక్షణాలు కలిసి ఉండటాన్ని ఆ కాగితం అలా పిలుస్తోంది.

ముందు వెనకవైపు సంగతే చెప్తాను, ఎందుకంటే దాంతో పసిపిల్లల ప్రాణాలు పోతాయి.

నిజం, మిథ్య అనే ఆ విభజన ఎడ్విన్ క్లెబ్స్ అనే వైద్యుడు 1876లో చేసింది. అప్పటికి క్రోమోసోమ్ అన్న మాటే పుట్టలేదు, అది 1888లో వచ్చింది. హార్మోన్ అన్న మాట 1905లో వచ్చింది. క్లెబ్స్ దగ్గరున్నది సూక్ష్మదర్శిని, కోసిన కణజాలం. రెండు రకాల గ్రంథుల కణజాలమూ కనిపిస్తే నిజం, వృషణమే కనిపిస్తే మగ మిథ్య, అండాశయమే కనిపిస్తే ఆడ మిథ్య. మనిషి ఎలా పెరిగింది, ఒంట్లో ఏం పనిచేస్తోంది, ఏం పనిచేయడం లేదు అన్నది ఆ లెక్కలోకి రాదు. 2005లో చికాగోలో నిపుణులు కూర్చుని ఈ పేర్లన్నీ పక్కనపెట్టారు, 2006లో ఆ నిర్ణయం అచ్చయింది. ఇప్పుడు ముందు క్రోమోసోముల లెక్క, తర్వాత కారణం. 46,ఎక్స్‌ఎక్స్ అని రాస్తారు (మొత్తం 46 క్రోమోసోములు, వాటిలో రెండు ఎక్స్‌లు, మామూలుగా ఆడవాళ్లలో ఉండేది), 46,ఎక్స్‌వై అని రాస్తారు (ఒక ఎక్స్, ఒక వై, మామూలుగా మగవాళ్లలో ఉండేది), పక్కన ఏ జన్యువు, ఏ ఎంజైమ్ అన్నది రాస్తారు. మొత్తానికి కలిపి లింగ వికాసంలో తేడాలు అంటారు. "రుగ్మతలు" అనాలా "తేడాలు" అనాలా అన్న వాదన ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి. "మిథ్యా నపుంసకత్వం" మాత్రం ఆ రెండు పక్షాల్లో ఎవరి నోటా లేదు.

పేరు ఏదైతేనేం, జబ్బు ఒకటే కదా అనేవాళ్లు ఇది చదవండి. ఆడపిల్ల పుడుతుంది, బయటి అవయవం మామూలుకంటే పెద్దగా ఉంటుంది. లోపల గర్భాశయం, అండాశయాలు అన్నీ సరిగ్గానే ఉంటాయి. అడ్రినల్ గ్రంథిలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఒక ఎంజైమ్ పనిచేయక, ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ హార్మోన్ తయారవదు, ఆ ముడిసరుకంతా మగ హార్మోన్ల వైపు మళ్లుతుంది. అంతే. ఎక్కువమందిలో దానితో పాటు ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోనూ తగ్గిపోతుంది. మొదటి మూడు వారాల్లోపే సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది, పిల్ల వాంతులు చేసుకుంటుంది, బరువు పెరగదు. పాలు పడలేదనుకుంటారు. ఆ పిల్లకి కావలసింది ఏమిటి? పుట్టి 48 గంటలు దాటాక మడమ నుంచి తీసిన రక్తంతో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పరీక్ష (ఆ ఎంజైమ్ పనిచేయకపోతే రక్తంలో పేరుకునేది అదే). మరీ ముందే తీస్తే ఊరికే ఎక్కువ చూపిస్తుంది. తర్వాత రోజూ కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్, ఉప్పును నిలిపే హార్మోన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్, పసికందుగా ఉన్నన్నాళ్లూ కాస్త ఉప్పు. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ రెండు మూడు రెట్లు పెంచాలని తల్లికి ముందే చెప్పి ఉంచాలి. ఇలా చూసుకుంటే ఆ పిల్ల బడికి పోతుంది, పెద్దదవుతుంది, పిల్లల్ని కంటుంది కూడా. క్లెబ్స్ లెక్కలో ఈ పిల్ల "ఆడ మిథ్యా నపుంసక". ఆ మాట తెలుగులో అచ్చేసి చేతికిస్తే ఆ ఇంట్లో ఏమవుతుంది? బిడ్డని గుడ్డలో చుట్టి, ఎవరికీ చూపించకుండా ఊరికి తీసుకుపోయి తలుపేసుకుంటారు. వాంతులు మొదలయ్యేటప్పటికి దగ్గర్లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైన్ డాక్టరు ఉండడు. మగపిల్లల్లో ఇదే జబ్బు పైకి ఏమీ కనిపించదు, వాళ్లకి ఇంకా ప్రమాదం. ఆ కాగితంలో ఉప్పు గురించి ఒక్క ముక్క లేదు. నపుంసకత్వం గురించి మాత్రం అర పేజీ ఉంది.

ఇంకో పక్క 46,ఎక్స్‌వై అమ్మాయిలు. టెస్టోస్టిరాన్ తయారవుతుంది కానీ దాన్ని అందుకునే రిసెప్టార్ పనిచేయదు, కాబట్టి ఒళ్లు ఆడపిల్లగానే పెరుగుతుంది. చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా అని ఆపరేషన్‌కి వెళ్లినప్పుడో, పదహారు దాటినా నెలసరి రానప్పుడో బయటపడుతుంది. 1953లో దీనికి "వృషణ స్త్రీత్వం" అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. ఇప్పటి పేరు ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ. పాత పేరు ఒంటి లోపలున్న వృషణ గ్రంథిని చూపించి భయపెట్టింది, కొత్త పేరు రిసెప్టార్‌ని చూపిస్తుంది. తేడా అక్కడుంది. పాత పేరు చదివినవాళ్లు ఆ గ్రంథుల్ని వెంటనే తీసెయ్యమంటారు. రిసెప్టార్ అసలు పనిచేయని పూర్తి రకంలో యుక్తవయసుకి ముందు కాన్సర్ గడ్డలయ్యే అవకాశం తక్కువ కాబట్టి, చాలాచోట్ల యుక్తవయసు దాటేదాకా ఉంచి ఆ అమ్మాయినే అడిగి నిర్ణయిస్తున్నారు. ముందే తీసేస్తే ఎముకల కోసం ఏళ్ల తరబడి హార్మోన్లు మింగాలి.

"ఉభయలింగి" అన్న మాట కూడా ఆ కాగితంలో ఉంది. మన పిల్లలు ఆ మాటని వానపాము పాఠంలో నేర్చుకుంటారు. వానపాము అండాలూ శుక్రకణాలూ రెండూ తయారుచేస్తుంది. మనిషి వానపాము కాదు.

ఇప్పుడు ముందువైపుకి వస్తాను. అక్కడి "ఉత్పరివర్తనం"కి ఇంగ్లీషు మాట మ్యుటేషన్. మన తాలూకాఫీసులో మ్యుటేషన్ అంటే ఏమిటో ప్రతి రైతుకీ తెలుసు, రికార్డులో పేరు మారడం. భూమి చెడిపోయిందని ఎవరూ అనుకోరు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం మార్పే. 1869లో వాగెన్ అనే ఆయన పొరపొరకీ మారే శిలాజ గవ్వలకి ఈ మాట వాడాడు, తర్వాత ఆయన మన దేశపు భూగర్భ సర్వేలోనే పనిచేశాడు. 1901లో హ్యూగో డి వ్రీస్ ఒక పూలమొక్కలో ఒక్కసారిగా కొత్త జాతి పుట్టడాన్ని మ్యుటేషన్ అన్నాడు. ఆయన చూసినవాటిలో చాలావరకు క్రోమోసోములు అటూఇటూ కావడం, రెట్టింపు కావడమే అని తర్వాత తేలింది. 1910లో మోర్గాన్‌కి ఎర్రకళ్ల పండ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల ఈగ దొరికింది, 1927లో ముల్లర్ ఎక్స్‌రేలతో మార్పులు తెప్పించాడు. 1957కి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు)లో హిమోగ్లోబిన్ ప్రొటీన్‌లోని ఒకే ఒక్క అమినో ఆమ్లం మారిందని ఇంగ్రామ్ చూపించాడు. ఒకే మాట. జాతి దగ్గర మొదలై డీఎన్‌ఏలో ఒక్క అక్షరం దాకా దిగింది.

చాలాకాలం ఒక లెక్క ఉండేది: జనాభాలో ఒక శాతానికి పైగా ఉంటే పాలిమార్ఫిజం, అంటే హాని లేనిది. తక్కువుంటే మ్యుటేషన్, అంటే జబ్బు. సికిల్ సెల్ ఈ లెక్కకి ఎక్కడ ఒదుగుతుంది? మన దేశంలో దాన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో కనుక్కున్నారు. అలాంటి సమూహాల్లో అది ఒక శాతాన్ని ఎప్పుడో దాటింది, జబ్బూ తెస్తుంది. అందుకే ఆ రెండు మాటలూ వదిలేసి వేరియంట్ అంటున్నారు. తెలుగులో "జన్యు తేడా" అంటే సరిపోతుంది, అవ్వకి కూడా అర్థమవుతుంది. 2015లో అమెరికా జన్యువైద్య నిపుణులు అచ్చేసిన నియమాల ప్రకారం ఆ తేడాకి అయిదు మెట్లు ఉన్నాయి: జబ్బు తెచ్చేది, బహుశా తెచ్చేది, ఏదీ తేలనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. ఆ "బహుశా"కి తొంభై శాతానికి పైగా నమ్మకం అని అర్థం. మూడో మెట్టుని ఆధారం చేసుకుని చికిత్స నిర్ణయాలు తీసుకోకూడదని ఆ నియమాల్లోనే రాసి ఉంది. కాన్సర్ జన్యువుల్లో ఆ మూడో మెట్టు నుంచి తర్వాత కదిలినవాటిలో ఎక్కువ భాగం హాని లేని వైపుకే కదిలాయి. ఈ కాగితం అయిదు మెట్లనీ ఒక్క "లోపం"లో కలిపేసింది. "ఏదీ తేలలేదు" అన్న రిపోర్టు పట్టుకుని ఊరికెళ్లిన కోడలు లోపమున్న రక్తం అయిపోతుంది. మేనరికం చేసుకున్నారు కదా అని ఇంకో మాట అంటారు. తేడా తండ్రి వైపు నుంచి వచ్చినా అనేది ఆమెనే.

అంకెలు మారిన సంగతైతే కౌంటర్ దగ్గరున్నవాళ్లే చెప్పడం లేదు. సికిల్ సెల్ మార్పు పాత రిపోర్టుల్లో ఆరో స్థానం, కొత్త వాటిలో ఏడో స్థానం. రెండూ ఒకటే. ప్రొటీన్ తయారయ్యాక మొదట ఉండే మిథియోనిన్ అనే అమినో ఆమ్లం తెగిపోతుంది కాబట్టి పాత రసాయన శాస్త్రవేత్తలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పుడు దాన్ని ఒకటిగా లెక్కపెడతారు. మన దేశంలో తలసేమియా అనే రక్తపు జబ్బుకి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు పాత రిపోర్టులో "ఐవీఎస్ 1-5 జి>సి", కొత్త రిపోర్టులో "సి.92+5జి>సి". అంటే 92వ అక్షరం దాటాక అయిదోది. భార్య రిపోర్టు పాతది, భర్తది కొత్తది అనుకోండి. పేర్లు వేరు కాబట్టి పర్వాలేదనుకుని ఊరుకుంటారు. ఒకటే మార్పు, ఇద్దరూ క్యారియర్లు, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం పాతిక శాతం. నిజంగా వేర్వేరు మార్పులైనా సరే, రెండూ బీటా తలసేమియావే అయితే, ఆ రెండూ అందిన బిడ్డకి జబ్బు వస్తుంది. మావి ముక్క తీసి చూసే పరీక్ష పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య చేయాలి. ఈ అయోమయంలో ఆ వారాలు దాటిపోతాయి.

ఇక ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న మాట. పరీక్ష ఫారం మీద "లింగం" అని ఒకే గడి. వ్యాకరణంలో లింగం, ఒంట్లో లింగం, మనిషి తనని తాను ఏమనుకుంటుందో అదీ లింగమే, మన తెలుగులో మూడింటికీ ఒకే మాట పెట్టుకుని కూర్చున్నాం. ల్యాబ్ ఆ గడి చూసి ఎక్స్ క్రోమోసోమ్ మీది జన్యువులకి ఒక కాపీ ఉండాలా రెండుండాలా అని లెక్కేస్తుంది, హిమోగ్లోబిన్ మామూలు హద్దులు ఎంచుతుంది, కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో లెక్క వేస్తుంది. "పురుషుడు" అని రాసి రెండు ఎక్స్‌లు కనిపిస్తే మొదటి అనుమానం శాంపిల్ తారుమారైందని. మళ్లీ రక్తం తీయడం సరైన పనే. అప్పటికీ అలాగే వస్తే 47,ఎక్స్‌ఎక్స్‌వై (మగవాళ్లలో ఒక ఎక్స్ ఎక్కువ ఉండటం) కావచ్చు, ట్రాన్స్ వ్యక్తి కావచ్చు, అక్కదో చెల్లెలిదో ఎముకమజ్జ ఎక్కించుకున్న తమ్ముడు కావచ్చు. ఇంకో రెండు గడులు, పుట్టినప్పుడు రాసింది, ఇప్పుడు వాడేది, పెడితే ఆ మనిషిని నలుగురిలో నిలబెట్టి అడిగే పని ఉండదు. నలుగురిలో నిలబెట్టడం అంటే గుర్తొచ్చేది శాంతి సౌందరరాజన్. తమిళనాడు అమ్మాయి, 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో 800 మీటర్లలో వెండి పతకం. దాన్ని వెనక్కి తీసుకున్నారు, "పరీక్షలో ఫెయిల్" అని పేపర్లు రాశాయి. లింగంలో ఫెయిలవడం ఏమిటి? 1968 ఒలింపిక్స్ నుంచి బుగ్గ లోపల గీకి కణాల్లో, రెండు ఎక్స్‌లు ఉంటే కనబడే నల్లచుక్క వెతికేవారు. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మార్టినెజ్ పాటినోకి చుక్క కనబడలేదు, ఆమెకున్నది పైన చెప్పిన రిసెప్టార్ సంగతే. ఒక ల్యాబ్ గుర్తుని మనిషి పేరుగా మార్చేశారు.

అదే తమిళనాడులో 2019లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ తీర్పు తర్వాత, ప్రాణం మీదికి వస్తే తప్ప, లింగ వికాసంలో తేడాలున్న పసిపిల్లలకి ఆడో మగో అని "సరిచేసే" ఆపరేషన్లు చేయకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2022లో లింగ గుర్తింపుకి సంబంధించిన మాటల పట్టికని గెజిట్‌లో అచ్చేసింది. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి చెన్నై ఆసుపత్రులకి వెళ్లే తెలుగువాళ్లు ఆ గోడల మధ్యే కూర్చుంటారు, చేతిలో 1876 నాటి తెలుగు పట్టుకుని.

ఆ విభాగంవాళ్లు ఇది చదువుతుంటే, పాత కట్టలన్నీ తీసేసి ఈ నాలుగు వరుసలు అచ్చెయ్యండి. "మీ జన్యువులో ఒక తేడా కనిపించింది. ఇది అయిదు మెట్లలో ఫలానా మెట్టు, ఫలానా తేదీ నాటికి. దీని కొత్త పేరు ఇది, పాత రిపోర్టుల్లో పేరు ఇది. రెండేళ్ల తర్వాత ఇదే కాగితం తెచ్చి మెట్టు మారిందేమో అడగండి." పుట్టిన పిల్లల విషయమైతే అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో: "వాంతులైతే వెంటనే తీసుకురండి, సోడియం పొటాషియం చూడాలి." కింద ఫోన్ నంబరు. తెలుగు మాట్లాడే మనిషి ఎత్తే నంబరు.