జేబులో సూర్యోదయం

నాకు గడ్డం సరిగ్గా రాదు. అక్కడక్కడా మొలుస్తుంది, మిగతాచోట్ల పట్టించుకోదు. అలాంటి నేను రాత్రి ఒంటిగంటన్నరకి గడ్డానికి నూనె రాసే పద్ధతి మీద 18 నిమిషాల వీడియో ఎందుకు చూశానంటే చెప్పలేను. దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. అందులో ఒక పెద్దమనిషి. గుండెలదాకా గడ్డం, గళ్ల చొక్కా, చేతిలో గొడ్డలి. మాట్లాడడు. కట్టెలు కొడతాడు, చెకుముకితో నిప్పు రాజేస్తాడు, వానని చూస్తూ కూర్చుంటాడు. అతనికి ఈఎమ్ఐ ఉన్నట్టు కనిపించదు. మేనేజర్ అసలే కనిపించడు. నేను దుప్పటి ముసుగేసుకుని అతని సాహసాలన్నీ చూసేశాను. చివర్లో గొడ్డలి నుంచి బూట్లదాకా ప్రతి వస్తువుకీ కింద లింకు పెట్టాడు. చుట్టుపక్కల మనిషి జాడ లేని అడవే గానీ, లింకులకి మాత్రం లోటు లేదు.

యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న పెట్టారు. పెట్టినాయన ఆ సైటు కట్టిన ముగ్గురిలో ఒకడు. జూలో ఏనుగుల ముందు నిలబడి, వీటి తొండాలు భలే పొడుగ్గా ఉన్నాయని చెప్పి, 19 సెకన్లలో ముగించాడు. అంత పెద్ద ఏనుగుకి 19 సెకన్లు సరిపోయాయి. బొటనవేలంత లావు టార్చి డబ్బా విప్పడానికి ఇప్పుడు 23 నిమిషాలు పడుతోంది. నేను 20వ నిమిషందాకా చూసి నిద్రపోయాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఈ వీడియోల లోకంలో 'ఎవ్రీడే క్యారీ' అని ఒక మాట ఉంది. మగాడన్నవాడు గడప దాటాడంటే జేబులో ఏమేం ఉండాలో దాని జాబితా. పట్టకారు, కత్తి, రంపం, స్క్రూడ్రైవర్ అన్నీ ఒకదాంట్లోకి మడిచిన మల్టీటూల్ ఒకటి. కారు అద్దం పగలగొట్టే టాక్టికల్ పెన్ను ఒకటి. (టాక్టికల్ అంటే, నాకు అర్థమైనంతవరకు, మామూలు వస్తువుకి నల్లరంగు వేసి రేటు పెంచడం.) చేతికి పారాకార్డ్ కంకణం. ప్యారాచూట్లకి వాడే తాడుతో అల్లింది, లోపల 7 పోగులు, 250 కిలోల బరువు ఆపుతుందట. నా బరువు 78. అంటే నాలాంటివాళ్లు ముగ్గురు ఒకేసారి లోయలో పడ్డా దిగుల్లేదు. ఇవన్నీ జేబుల్లో సర్దుకునే హడావిడిలో ఇంటి తాళం రెండుసార్లు మర్చిపోయాను.

అన్నిట్లోకీ నాకు ముద్దొచ్చింది టార్చి. వెయ్యి ల్యూమెన్లు. పాత రకం 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు 800 ల్యూమెన్లు, దానికన్నా ఎక్కువన్నమాట. బ్యాటరీ పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ ముక్క మా ఆవిడకి మూడుసార్లు చెప్పాను. మూడోసారికి కరెంటు పోయింది. ఇన్నాళ్లకి నా రోజు వచ్చిందని టార్చి తీశాను. ఒకసారి నొక్కితే మిణుగురు పురుగంత వెలుగు. మళ్లీ నొక్కితే కళ్లు బైర్లు కమ్మాయి. ఇంకోసారి నొక్కితే టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. శత్రువుని కంగారు పెట్టడానికట.

"ఏమండీ, కాస్త అది ఆపుతారా, కనబడట్లేదు" అని ఆవిడ ఫోన్ లైటు వేసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో మూడు నెలల లెక్కల మీటింగు. స్లయిడ్లు బాగా కనబడాలని లైట్లు తీసేశారు. 14వ స్లయిడ్ దగ్గర కుడి తొడ వెచ్చగా అనిపించింది. ఏసీ గదిలో హాయిగానే ఉంది. 15కి వచ్చేసరికి ఆ హాయి కాస్తా చురుక్కుమంది. కిందికి చూశాను. ప్యాంటు వెలుగుతోంది! బట్టలో ప్రతి పోగూ విడివిడిగా కనిపిస్తోంది. లోపల టాక్టికల్ పెన్ను నీడ, పక్కన నలిగిన రసీదు నీడ, ఎక్స్‌రే తీసినట్టు.

పైనుంచే తడిమి స్విచ్ నొక్కాను. శత్రువుని కంగారు పెట్టే మోడ్ వచ్చింది.

సార్ మాట ఆపేశారు. చీకటి గదిలో నా తొడ ఒక్కటే డిస్కో చేస్తోంది. ఎవరో "ఫైర్ అలారమా?" అంటూ సగం లేచారు. నేను "ఇప్పుడే వస్తాను సార్" అని, ఒక కాలు మెరిపించుకుంటూ వాష్‌రూమ్‌కి పరిగెత్తాను. చేతిరుమాలుతో పట్టుకుని లాగితే గానీ బయటికి రాలేదు, అంత కాలిపోతోంది. నల్లబట్టకి ఆనించి అంత వెలుగు పెడితే అదంతా వేడిగా మారక ఎక్కడికి పోతుంది? జేబు లోపల రూపాయి బిళ్లంత కన్నం, చర్మం మీద అదే సైజులో ఎర్రటి మచ్చ. కాలినచోట 20 నిమిషాలు చన్నీళ్లు పొయ్యాలని ఎప్పుడో చదివాను. బుద్ధిగా పోసుకున్నాను. ఆ తర్వాత తడిసిన ప్యాంటుతో మీటింగుకి తిరిగి వెళ్లాను. తొడ ఎందుకు వెలిగిందో చెప్పడం తేలిక. ప్యాంటు ముందువైపు ఎందుకు తడిసిందో చెప్పబోతే, చెప్పినకొద్దీ అధ్వానంగా తయారైంది.

ఆ రాత్రి ఆ వీడియో మళ్లీ పెట్టాను. 22వ నిమిషంలో ఉంది: జేబులో వేసుకునే ముందు వెనక మూతని పావు వంతు తిప్పి వదులు చెయ్యండి, పొరపాటున నొక్కుకున్నా వెలగదు.

మర్నాడు పార్సెల్ వచ్చింది. ఎప్పుడు ఆర్డర్ పెట్టానో నాకే గుర్తులేదు. కత్తెర కోసం వెతుకుతుంటే ఆవిడ "మీ దగ్గరే ఉందిగా, రంపం, కత్తి అన్నీ" అంది. మల్టీటూల్ తీశాను. కత్తి బయటికి లాగబోతే గోరు విరిగింది. ఇంటి తాళంచెవితో టేపు చీరాను. లోపల నల్లటి తొడుగు ఒకటి, బెల్టుకి తగిలించుకునేది. టార్చి జేబులో పెట్టుకోకుండా ఉండటానికి, టార్చితో పాటే ఆర్డర్ చేశానట, విడిగా వచ్చింది.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "రెండు రోజులు ముందొచ్చుంటే ప్యాంటు బతికేదండీ" అని, ప్యారాచూట్ తాడుతో పాత పేపర్ల కట్ట బిగించుకోవడానికి వెళ్లింది.