సాసరుకు జరిగిన అన్యాయం

పొగలు కక్కే టీని సాసరులో పోసుకుని జుర్రుమని తాగేవాణ్ని చూసి నాగరికులు ముఖం తిప్పుకోవడం మన సమాజంలో చాలాకాలంగా సాగుతున్న అన్యాయాల్లో ఒకటి. దీనిపై ఏ ప్రభుత్వమూ ఇంతవరకు విచారణ సంఘం వేయలేదు కనుక ఆ భారాన్ని నేనే నెత్తిన వేసుకున్నాను.

మొదటి సాక్షి న్యూటన్. వేడి వస్తువుకూ చుట్టూ ఉన్న గాలికీ ఉష్ణోగ్రతలో ఎంత తేడా ఉంటే అది అంత వేగంగా చల్లారుతుందని ఆయన 1701లో, పేరైనా వేసుకోకుండా, లాటిన్‌లో ప్రచురించాడు. ఆ లెక్కన 30 డిగ్రీల గదిలో 80 డిగ్రీల టీ 55కు దిగేసరికి చల్లారే వేగం సగానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో టీ ఎంతకీ చల్లారదంటే తప్పు టీది కాదు, తానే ఉడికిపోతున్న గాలి ఇంకొకరిని ఏం చల్లబరుస్తుంది?

అయితే న్యూటన్ సాక్ష్యం సగమే. మూత లేని వేడి టీ పోగొట్టుకునే ఉష్ణంలో పెద్ద వాటా ఆవిరిది. 100 గ్రాముల టీలోంచి ఒక్క గ్రాము నీరు ఆవిరైతే చాలు, మిగిలినది దాదాపు 5 డిగ్రీలు దిగుతుంది. 7 సెంటీమీటర్ల మూతి ఉన్న కప్పులోని టీని సాసరులో 12 సెంటీమీటర్ల మేర పరిస్తే గాలి తగిలే విస్తీర్ణం మూడింతలకు చేరువవుతుంది. పైపెచ్చు చల్లని పింగాణీ తన వంతు వేడిని లాగేసుకుంటుంది. ఒకసారి ఉఫ్‌మని ఊదామా, టీని అంటిపెట్టుకున్న తేమగాలి తప్పుకుని పొడిగాలికి చోటిస్తుంది.

మా తాతగారు ఈ లెక్కలేవీ వేయలేదు. ఎడమచేతి వేళ్ల మీద సాసరు నిలిపి, ఆవిరికి మూతలా అడ్డుపడే మీగడ తెట్టును ఒక పక్కకు ఊది, కళ్లు మూసుకుని అంచు నుంచి జుర్రేవారు. ఆ చప్పుడు వీధి అరుగు దాకా వినిపించేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఆ చప్పుడంటే నామోషీ. అతను మూత బిగించిన కాగితం కప్పులో టీ కొని, అంటే ఆవిరి దారిని డబ్బిచ్చి మరీ మూయించుకుని, మూతకున్న చిన్న రంధ్రంలోంచి రోజూ నాలుక కాల్చుకుంటాడు. 65 డిగ్రీలు దాటిన పానీయాలను బహుశా క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వర్గీకరించిందని చెబితే, “అందుకే కదా మావయ్యా, ఇరవై నిమిషాలు ఆగి తాగుతాను” అన్నాడు. ఆ ఇరవై నిమిషాల్లో హైదరాబాద్ ఇరానీ హోటల్లో సాసరు పట్టినవాడు టీ ముగించి, ఉస్మానియా బిస్కెట్ నమిలి, దేశ రాజకీయాలను కూడా ఒక కొలిక్కి తెస్తాడు.

సాసరు పక్షాన నిలబడుతూనే, నిష్పక్షపాతం కోసం ఒక ప్రతికూల సాక్ష్యాన్నీ నమోదు చేస్తున్నాను. ఈ వ్యాసం రాస్తూ ఒక చేత్తో సాసరు ఎత్తబోయి, ఉతికిన తెల్లచొక్కా మీద ఒలకబోసుకున్నాను. చొక్కా విస్తీర్ణం సాసరు కంటే చాలా ఎక్కువ కావడంతో టీ క్షణాల్లో చల్లారిపోయింది.