మిర్యాలగూడ ఎర్రకోటేనా? 12 ఎన్నికల లెక్క

మిర్యాలగూడ లోక్‌సభ స్థానం పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎర్రజెండా. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల, ఆ పోరాట దళాలను నడిపిన భీమిరెడ్డి నరసింహారెడ్డిని పార్లమెంటుకు పంపిన నేల. కానీ ఈ స్థానం బతికున్న కాలంలో, అంటే 1962 నుంచి 2004 దాకా, జరిగిన 12 సార్వత్రిక ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలిచింది నాలుగే. మిగతా ఎనిమిదీ కాంగ్రెస్ ఖాతాలోవే. తెలుగుదేశానికి ఒక్కసారీ దక్కలేదు. ఎర్రకోట అన్న మాట సగమే నిజం.

1952లో ఈ ప్రాంతం నల్గొండ ద్విసభ్య నియోజకవర్గంలో, అంటే ఇద్దరు ఎంపీలను ఎన్నుకునే స్థానంలో, ఉండేది. కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థిగా 3.09 లక్షల ఓట్లు తెచ్చుకుని నెహ్రూను మించిపోయింది అక్కడే. నెహ్రూదీ ద్విసభ్య స్థానమే కాబట్టి ఆ పోలికలో అన్యాయమేమీ లేదు. ద్విసభ్య పద్ధతి 1961లో రద్దవడంతో, మరుసటి ఏడాది మిర్యాలగూడ విడి స్థానంగా ఎన్నికలకు వెళ్లింది. తొలి ఎంపీ సీపీఐకి చెందిన లక్ష్మీదాస్.

ఆ తర్వాతి 11 ఎన్నికలను నలుగురే పంచుకున్నారు. కాంగ్రెస్ నుంచి జి.ఎస్.రెడ్డి 1967, 1977, 1980ల్లో గెలిచారు. సీపీఎం నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971, 1984, 1991ల్లో, కాంగ్రెస్ నుంచి బద్దం నరసింహారెడ్డి 1989, 1996, 1998ల్లో నెగ్గారు. చివరి రెండుసార్లు, 1999, 2004ల్లో, ఎస్.జైపాల్‌రెడ్డి. పాత ఫలితాలు తిరగేసేవారు తరచూ బోల్తాపడేది ఇక్కడే. ఇద్దరు నరసింహారెడ్లూ పొడి అక్షరాల్లో బి.ఎన్.రెడ్డే. 1984 నుంచి 1998 దాకా జరిగిన ఐదు ఎన్నికల్లోనూ గెలిచింది వీరిలో ఒకరే. ఇంటిపేరు, పార్టీ చూడకుండా పట్టిక రాసుకుంటే సీపీఎం విజయాలు మూడు కాస్తా ఆరవుతాయి.

వామపక్షాలు ఎప్పుడు గెలిచాయన్నది ఎన్నిసార్లు గెలిచాయన్నదానికన్నా ముఖ్యం. 1962 నాటికి పార్టీ చీలలేదు. 1964లో సీపీఐ, సీపీఎంలుగా చీలాక, పొత్తు కుదిరితే మిర్యాలగూడ సీపీఎంకు అన్నది వాడుకైంది. 1971లో ప్రత్యేక తెలంగాణ కోరిన తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 ఎగరేసుకుపోయింది. కాంగ్రెస్ ఓటు చీలిన ఆ ఏడాది రాష్ట్రం మొత్తంలో సీపీఎంకు దక్కింది ఒక్క మిర్యాలగూడే. 1984లోనూ, 1991లోనూ సీపీఎంకు రాష్ట్రంలో దక్కిన ఏకైక సీటు ఇదే. ఆ రెండుసార్లూ తెలుగుదేశంతో పొత్తుంది. అలాగని పొత్తు ఒక్కటే గెలిపించిందనీ అనలేం, 1989, 1996ల్లో అదే పొత్తుతో ఓడారు. పార్టీ చీలాక అటు కాంగ్రెస్ ఓటు చీలికో, ఇటు పొత్తో లేకుండా మాత్రం ఒక్కసారీ గట్టెక్కలేదు. 2004 నాటికి లెక్క తిరగబడింది, వామపక్షాల మద్దతు కాంగ్రెస్ అభ్యర్థి జైపాల్‌రెడ్డికి వెళ్లింది.

నీళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ నియోజకవర్గం లోపల రెండు వేర్వేరు లోకాలు ఏర్పడ్డాయి. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి, దాని వెంట రైస్ మిల్లులు. సూర్యాపేట ఎగువన, తుంగతుర్తి వైపు మెట్ట. ఆయకట్టు రైతు అడిగేది వంతు తప్పకుండా చివరి భూములదాకా నీళ్లు. మెట్ట రైతుకు అసలు కాలువే లేదు. గోదావరి మీది శ్రీరాంసాగర్ ప్రాజెక్టు రెండో దశ కోసం భీమిరెడ్డి పట్టుబట్టింది ఈ మెట్ట కోసమే. ఒకే ఎంపీ ఈ రెండు కోరికలనూ ఢిల్లీలో మోయాల్సిన సీటిది.

మరి 2008 నియోజకవర్గాల పునర్విభజనలో ఈ స్థానం ఎందుకు పోయింది? ఓటర్లు తగ్గి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కున్న 42 లోక్‌సభ, 294 అసెంబ్లీ స్థానాల సంఖ్య మారకూడదు కాబట్టి ఒక్కో ఎంపీ సీటుకు ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. జస్టిస్ కుల్దీప్‌సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కలతో గీతలు గీసినప్పుడు హైదరాబాద్ చుట్టూ పెరిగిన జనానికి మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టుకొచ్చాయి. మొత్తం ఏడు పేర్లు కొత్తగా వచ్చాయి, ఏడు పోయాయి. పోయినవి మిర్యాలగూడ, సిద్దిపేట, హన్మకొండ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం. 1984 ఎన్టీఆర్ గాలిలో తెలుగుదేశం మిత్రపక్షాలు గెలిచిన ఐదు సీట్లలో మహబూబ్‌నగర్ తప్ప నాలుగూ ఈ జాబితాలోనే ఉన్నాయి. యాదృచ్ఛికమే, కానీ చిత్రమైన యాదృచ్ఛికం.

ఉమ్మడి నల్గొండ జిల్లాకు 12 అసెంబ్లీ స్థానాలు. ఏడింటిని కలిపి నల్గొండ అన్నారు: నల్గొండ, దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట. మిగిలిన ఐదింటికి జనగామ, ఇబ్రహీంపట్నం చేర్చి భువనగిరి చేశారు. అంటే జిల్లా కేంద్రం పేరుతో ఇప్పుడున్న ఎంపీ సీటులో సాగర్ ఆయకట్టంతా పాత మిర్యాలగూడదే. పాత నల్గొండ సీటులోని భువనగిరి, మునుగోడు వైపు భాగం మరో పేరు కిందికి పోయింది.

టీవీ చర్చల్లో ఈ తేడా రోజూ మాయమవుతుంది. గుత్తా సుఖేందర్‌రెడ్డి 1999లో తెలుగుదేశం నుంచి, 2009, 2014ల్లో కాంగ్రెస్ నుంచి నల్గొండ ఎంపీగా గెలిచారు. పార్టీతోపాటు కింద నేల కూడా మారిందని ఎవరూ చెప్పరు. 2024లో నల్గొండలో కాంగ్రెస్ అభ్యర్థి రఘువీర్‌రెడ్డికి వచ్చిన 5.59 లక్షల మెజారిటీని పాత నల్గొండ ఫలితాల పక్కన పెట్టి 'కమ్యూనిస్టుల గడ్డ మారిపోయింది' అనడం అందుకే తప్పు. పోల్చాల్సింది చాలావరకు మిర్యాలగూడ ఫలితాలతో.

సరిగ్గా పోల్చాలంటే ఎంపీ సీటు పేరు పక్కన పెట్టి అసెంబ్లీ సెగ్మెంట్ల స్థాయికి, కుదిరితే మండలాలకు దిగాలి. అక్కడా చిక్కులున్నాయి. చలకుర్తి సెగ్మెంట్ 2009 నుంచి లేదు, దాని వారసత్వం నాగార్జునసాగర్‌లో చూడాలి. హుజూర్‌నగర్ 1972 ఎన్నికల తర్వాత కనుమరుగై 2009లో తిరిగొచ్చింది. ఆ మధ్యకాలపు ఓట్లు పక్క సెగ్మెంట్లలో వెతుక్కోవాలి. 2026 తర్వాతి జనాభా లెక్కలతో మళ్లీ గీతలు గీస్తే, ఇప్పటి నల్గొండ రికార్డుకూ ఇదే చాకిరీ తప్పదు.