సవరణ: సెక్షన్ 8 వోచర్ ఉన్నా మిగతా అద్దె అంతా ప్రభుత్వం కట్టదు

అమెరికాలో సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) గురించి పెట్టిన పోస్టులో "ఆదాయంలో 30 శాతం మీరు కడితే మిగతాది ప్రభుత్వం కడుతుంది" అని ఉంది కదా, దాన్ని ఇలా సవరించి చదవండి. ఆ మిగతాదానికి ఒక పరిమితి ఉంది. సాయం లెక్కకి ఇంత అద్దె వరకే చూస్తామని స్థానిక హౌసింగ్ ఏజెన్సీ పెట్టిన పేమెంట్ స్టాండర్డ్‌ని అద్దె దాటితే ఆ పైమొత్తం అద్దెకున్నవాళ్లే కట్టుకోవాలి. మినహాయింపులు పోను నెలకి 2000 డాలర్ల ఆదాయం, స్టాండర్డ్ 1500, కరెంటు నీళ్లతో కలిపి అద్దె 1700 అనుకోండి, ఏజెన్సీ ఇచ్చేది 900, మీ చేతి నుంచి పోయేది 600 కాదు, 800. కొత్త ఇంట్లో దిగేటప్పుడు ఇలా మీ వాటా ఆ ఆదాయంలో 40 శాతం దాటిపోతే ఆ ఇంటికి ఆమోదమే ఇవ్వరు, కాబట్టి ఏజెన్సీ సరే అనకముందే అడ్వాన్సు ఇచ్చేయకండి, ఆ డబ్బు ఇరుక్కుంటే పిల్లలున్న ఇంట్లో చాలా కష్టం. ఇంకోటి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అప్లై చేసుకోవచ్చు, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఇది రాదు.