‘3ఏ గెజిట్ వస్తే భూమి పోయినట్టే’ అన్న ప్రచారంలో నిజమెంత?

జాతీయ రహదారికి భూసేకరణ మొదలైన చోటల్లా ఒక మాట ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. భూసేకరణ ఉద్దేశాన్ని తెలిపే 3ఏ గెజిట్ ప్రకటన వచ్చిందంటే భూమి ప్రభుత్వానిదైపోయినట్టేననీ, చెన్నై–సేలం కేసులో సుప్రీంకోర్టే ఆ మాట తేల్చిందనీ, రైతులను అడగాలన్న నియమం చట్టంలో లేదనీ, కాగితాలన్నీ రహస్యమేననీ దాని సారాంశం. హైదరాబాద్ ప్రాంతీయ వలయ రహదారి కింద భూములు పోనున్న రైతులు దీన్ని నమ్మితే నష్టపోతారు.

మొదటి మాట పూర్తిగా తప్పు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని సెక్షన్ 3ఏ ప్రభుత్వ ఉద్దేశాన్ని మాత్రమే ప్రకటిస్తుంది. ఆ తర్వాత 21 రోజుల్లోగా భూమిలో హక్కున్న ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. భూసేకరణ అధికారి వారి వాదనను స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ విని, ఉత్తర్వు ఇచ్చి తీరాలి. భూమి కేంద్రానికి దఖలుపడేది సెక్షన్ 3డి కింద సేకరణను ఖరారు చేసే ప్రకటన వెలువడ్డాకనే. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మినహాయించి, ఏడాదిలోగా ఆ ప్రకటన రాకపోతే 3ఏ నోటిఫికేషనే చెల్లకుండా పోతుంది. అంతా అయిపోయిందని చెప్పి ఈ 21 రోజులను చేజార్చడమే ఈ ప్రచారం చేస్తున్న అసలు కీడు.

సేలం తీర్పును సగమే చెబుతున్నారు. తమిళనాడులో అయిదు జిల్లాల మీదుగా సుమారు 277 కిలోమీటర్ల మేర తలపెట్టిన ఆ ఎనిమిది వరసల రహదారికి ఇచ్చిన నోటిఫికేషన్లను మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో కొట్టివేసింది. 2020 డిసెంబరు 8న సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టిన మాట నిజమే. అయితే 3ఏ దశకు ముందే పర్యావరణ అనుమతి ఉండనక్కరలేదన్నదే దాని ప్రధాన నిర్ణయం. ఆ అనుమతే అక్కరలేదని కాదు. పైగా, కేవలం 3ఏ ఆధారంగా రెవెన్యూ రికార్డుల్లో యజమానుల పేర్లు మార్చడం చెల్లదనీ, వాటిని పునరుద్ధరించాలనీ హైకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని అదే తీర్పు సమర్థించింది. భూమి పోయినట్టే అన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

రైతులను అడగనక్కరలేదన్న మాటలో కొంత నిజముందని ఒప్పుకోవాలి. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, సమ్మతి నిబంధనలు జాతీయ రహదారుల చట్టం కింద జరిగే సేకరణకు వర్తించవు; ఇది సవరించాల్సిన లోపమని నా అభిప్రాయం. అయినా 2015 జనవరి 1 నుంచి 2013 చట్టంలోని పరిహారం, పునరావాస నిబంధనలు ఈ సేకరణకూ వర్తిస్తున్నాయి. కొన్ని మినహాయింపులు పోగా, కొత్త జాతీయ రహదారికి 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి.

ఇక రహస్యం సంగతి. సమాచార హక్కు చట్టం డీపీఆర్‌ను (సవివర ప్రాజెక్టు నివేదికను) గానీ, రహదారి ఏ దారిన వెళ్లాలో చెప్పే అలైన్‌మెంట్ నివేదికలను గానీ ఒక వర్గంగా ఎక్కడా మినహాయించలేదు. టెండరు దశలో వాణిజ్య గోప్యత పేరిట కొంత భాగాన్ని ఆపవచ్చు గానీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఆ మినహాయింపూ నిలవదు. మంత్రివర్గ పత్రాల విషయంలో కూడా, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక కారణాలనూ ఆధారాలనూ బయటపెట్టాలని సెక్షన్ 8 చెబుతోంది. నిర్ణయం వల్ల ప్రభావితులయ్యేవారికి దాని కారణాలు తెలపడం సెక్షన్ 4 ప్రకారం అధికారుల బాధ్యత. కాబట్టి అలైన్‌మెంట్ ఎందుకు మారిందో, పరిశీలించిన ప్రత్యామ్నాయ మార్గాలేమిటో, వాటిని ఏ కారణంతో వదిలేశారో పేర్కొంటూ దరఖాస్తు చేస్తే, 30 రోజుల్లోగా సమాచారమో, తిరస్కరిస్తే ఏ సెక్షన్ కింద తిరస్కరించారన్న వివరమో లిఖితపూర్వకంగా ఇవ్వాల్సిందే.