మాత్ర మానేసిన చెంచుది మూఢనమ్మకమేనా?

చెంచులు మందులిచ్చినా వాడరని, జ్వరమొస్తే దేవర కోపమంటారని నల్లమల అంచు ఊళ్లలో తేలిగ్గా అనేస్తారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు గూడేల పేరెత్తితే చదువుకున్నవాళ్ల నోటా ఇదే మాట. మూఢనమ్మకమని పేరు పెట్టేస్తే ఇక ఆలోచించే పని ఉండదు.

క్షయనే తీసుకుందాం. దగ్గినంత మాత్రాన గూడెంలో ఎవరూ మంచం ఎక్కరు. తేనెకో, గడ్డలకో, కూలికో వెళ్లగలిగినంత కాలం మనిషి బాగున్నట్టే. కాళ్లు ఆడనప్పుడే జబ్బు. కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగని ఇంట్లో ఇంతకంటే వేరే కొలత ఎలా ఉంటుంది? కర్నూలులో ఆటో నడిపే మనిషి మాత్రం దగ్గు మొదలవగానే ఎక్స్‌రేకు పరుగెత్తుతున్నాడా? ఆయనది నిర్లక్ష్యం, చెంచుది మూఢత్వం!

మామూలు క్షయకు మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత 4 నెలలు మూడు రకాలు వాడాలి. చిక్కేమిటంటే, కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో సత్తువ చేరుతుంది. గూడెం లెక్కలో జబ్బు అక్కడితో పోయింది. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా పోవచ్చన్నది కంటికి కనిపించే సంగతి కాదు. కనిపించేది వేరే ఉంది. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. దానివల్ల హాని లేదు. కానీ ముందే చెప్పకపోతే నెత్తురు పోతోందనుకుని మాత్రల అట్టను అవతల పారేసేది చెంచులేనా? నేనైనా పారేస్తాను.

అలాగని అడవి వేళ్లతో అన్నీ నయమవుతాయనే పట్నపు మురిపెం నాకు లేదు. ఆకుపసరు క్షయను కుదర్చదు. అయితే దేవరకు మొక్కి ఆసుపత్రికి వచ్చే మనిషికి ఆ రెంటి మధ్యా పేచీ కనిపించదు. శ్రీశైలం మల్లన్నకు ముడుపు కట్టి గుండె ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లను మనం వింతగా చూస్తున్నామా?

తిండి సంగతి మరీ ముఖ్యం. ఒంట్లో బలం లేనివాడినే క్షయ ముందు పట్టుకుంటుంది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. మాంసం తగ్గిన కంచంలోకి రేషన్ బియ్యం వచ్చింది. క్షయ రోగి పోషణకు 2018 నుంచి కేంద్రం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరులో దాన్ని 1,000 చేసింది. మంచిదే. కాకపోతే ఆ డబ్బు పడేది బ్యాంకు ఖాతాలో. బ్యాంకేమో అడవి బయట ఉంది. తెచ్చుకోవాలంటే మళ్లీ ఒక రోజు కూలి వదులుకోవాలి.